నీటిగండం ఉన్న మనిషితో సముద్రంలోకి

బాన్సువాడ

మా చెల్లె గంగమణికి పురిటి రోజునే జాతకం రాయించారు. నీటిగండం ఉందన్నాడు పంతులు. ఎన్నేళ్లదాకా అని మా నాన్న అడిగితే, జాగ్రత్తగా ఉంటే ఏ వయసులోనూ ఏమీ కాదన్నాడట. గడువు చెప్తే ఆ గడువు దాటిన రోజున పంతులుతో పని తీరిపోతుంది. గడువు లేని గండం మాత్రం మనిషి బతికున్నన్నాళ్లూ పంతుల్ని బతికిస్తుంది. నీళ్లు శాంతించాలని పిల్లకు గంగమణి అని పేరు పెట్టారు. పెట్టి, గంగ పేరున్న ఆ పిల్లను నీళ్లలో కాలు పెట్టనివ్వలేదు.

నిజాంసాగర్ కాలువలు ఇళ్ల వెనక నుంచే పారే ప్రాంతంలో ఒక మనిషిని నీళ్లకు దూరంగా పెంచడం ఎంత పనో మా అమ్మకే తెలియాలి. నేను పుట్టినప్పుడు పంతులు ఊళ్లో లేడు కాబట్టి నాకు జాతకం లేదు. అందుకని ఈత నేర్చుకున్నాను. గంగమణి ఒడ్డున నా బట్టలు పట్టుకుని కూర్చునేది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా చెరువులోకి దిగి బతుకమ్మలను వదిలితే, ఆమె పేర్చిన బతుకమ్మను నేనో పక్కింటి అవ్వో అందుకుని వదిలేవాళ్లం. పెళ్లయ్యాక ఈ కాపలా ఆమె భర్త సాయిలు చేతికి వచ్చింది. సాయిలు బీర్కూర్‌లో వరి రైతు. నెమ్మదస్తుడు, చెల్లె మీద ప్రాణం పెట్టుకున్నవాడు. కానీ నాటు వెయ్యాలన్నా బోరు వెయ్యాలన్నా పంతులు మాటే. పెళ్లయిన కొత్తలో ఆ పంతులు చెప్పాడని పగడపు ఉంగరం చేయించి ఆమె వేలికి తొడిగాడు. ముప్పై ఏళ్లు దాటినా అది ఆ వేలికే ఉంది.

నేను హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. బాన్సువాడ చుట్టుపక్కల మూఢనమ్మకాల మీద సభ పెడితే నన్ను పిలుస్తారు, పిలవకపోయినా వెళ్తాను. చేతబడి, బాణామతి, దయ్యం, వాస్తు, అన్నిటి మీదా మైకు పట్టుకుని కొట్లాడాను. నా సొంత చెల్లెలి వేలిమీద ఉన్న ఎర్ర రాయిని మాత్రం కదిలించలేకపోయాను. సాయిలు నా వాదన అంతా విని, టీ తెప్పించి, "నువ్వు చెప్పింది నిజమే వదినె, గని ఉంగరం ఉంటే ఏం పోయింది?" అనేవాడు.

ఏం పోయిందో మొన్న చలికాలంలో తెలిసింది. గంగమణి మనవరాలు ఆద్య నిజామాబాద్‌లో రెండో తరగతి చదువుతోంది. వాళ్ల బడిలో ఈత నేర్పడం మొదలుపెట్టారు. తల్లి రజిత భయపడి ఆ పంతులు కొడుకు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు తండ్రి పీట మీద కూర్చున్నది అతనే. అమ్మమ్మ పోలిక, అమ్మమ్మ గండమే అన్నాడతను. అమ్మమ్మ ఉంగరాన్ని తగ్గించి పిల్లకు తొడగమన్నాడు, నీళ్లలోకి దింపొద్దన్నాడు. తోటిపిల్లలు ఈదుతుంటే ఆద్య బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

ఆ సంగతి తెలిసిన రోజే గంగమణి నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అక్కా, నేను నీళ్లల్ల దిగాలె. యాడ దిగాల్నో నువ్వే జెప్పు. నేను దిగి మంచిగ బయటికొస్తే, పిల్లను ఆపేటందుకు ఇగ ఎవరికి నోరుండది."

కాలువ వేగం కొత్తవాళ్లకు పనికిరాదు, పైగా బీర్కూర్‌లో ఆమె కాలువ వైపు నడిస్తేనే ఊరంతా అడ్డం వస్తుంది. ఆమె ఫోన్లో సముద్రపు చేపల వీడియోలు చూస్తుంటుందని నాకు తెలుసు. అండమాన్ పోదామన్నాను. అక్కడ పట్టుకోవడానికి మనిషి ఉంటాడు, తేల్చడానికి జాకెట్ ఉంటుంది, అడుగు కనిపించే నీళ్లు ఉంటాయి. సాయిలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. మూడో రోజు తనూ వస్తానన్నాడు. తిరిగొచ్చాక ఉంగరం పిల్లకు తొడగాలి, అందాకా అది గంగమణి వేలి నుంచి తియ్యొద్దు అని షరతు పెట్టాడు. చెల్లె సరే అంది. నేను అనలేదు.

పోర్ట్ బ్లెయిర్

ఊరి పేరు మారింది. కొత్త పేరు శ్రీ విజయపురం బోర్డుల మీద ఉంది, ఆటోవాళ్ల నోట్లో పాతదే నడుస్తోంది. దిగిన గంటలోపే తెలుగు వినపడింది. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లు ఇక్కడ చాలామంది. మేము భోంచేసిన మెస్సు నడిపేది అలాంటి ఇంటి ఆడమనిషే. సురమై, అంటే మన వంజరం చేపల పులుసు చేసింది. చింతపండు మన అంత పొయ్యలేదు, కొబ్బరి మాత్రం దండిగా వేసింది. సాయిలు అన్నం మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది పాత బియ్యమే గాని మా నీళ్ల మీద పండింది కాదని తేల్చాడు. కొబ్బరిబోండం మన దగ్గరకన్నా చవక. టమాటా, ఉల్లిగడ్డ ఓడ మీద రావాలి, ఓడ ఆలస్యమైతే వాటి ధర కొండెక్కుతుంది.

ఆ మెస్సు ఆమె భర్త బెంగాలీ, కోడలు రాంచీ వైపు పిల్ల. పెళ్లిళ్లకు జాతకాలు ఏ భాషలో చూస్తారమ్మా అని అడిగాను. ఆమె గరిటె ఆపి నవ్వింది. "జాతకాలేటమ్మా, ఓడ టైముకి అందరూ దొరికితే అదే ముహూర్తం."

సాయిలు వైపు చూశాను. అతను చేప ముల్లు తీసుకుంటూ తల ఎత్తలేదు.

వండూర్ జెట్టీ

మర్నాడు పొద్దున్నే వండూర్ వెళ్లాం. అక్కడి నుంచే జాలీ బాయ్ దీవికి పడవలు. ఆ దీవిలో మనుషులు ఉండరు, దుకాణాలు లేవు, రాత్రి ఉండనివ్వరు. పొద్దున పోయి సాయంత్రంలోపు రావాలి. పడవ ఎక్కేముందు సంచులు విప్పించి ప్లాస్టిక్ అనేదల్లా బయట పెట్టిస్తారు. మా సర్వపిండి రొట్టెలు స్టీలు డబ్బాలో ఉన్నాయి కాబట్టి గట్టెక్కాయి. సాయిలు సంచీలో మాత్రం కొబ్బరికాయ, పసుపు కుంకుమల కవర్లు దొరికాయి. సముద్రానికి సమర్పిస్తాడట. దీవి దగ్గర నీళ్లలో ఏదీ వెయ్యకూడదని తనిఖీ చేసే మనిషి హిందీలో మర్యాదగానే చెప్పాడు. కొబ్బరికాయ అక్కడే ఉండిపోయింది. కుంకుమను కాగితంలోకి మార్చబోతే గాలికి లేచి సాయిలు తెల్లచొక్కా ముందంతా పడింది. రోజంతా అతణ్ని చూసినవాళ్లు ఏమైనా దెబ్బ తగిలిందా అని అడుగుతూనే ఉన్నారు.

జెట్టీ పక్కన మొసలి బొమ్మతో పెద్ద బోర్డు ఉంది. సాయిలు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గిదేంది వదినె, మొసళ్లున్నయంట."

"ఇది గండం సాయిలూ," అన్నాను. "దీనికి పళ్లున్నాయి. ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు వస్తుందో చూసినవాళ్లున్నారు. అందుకే బోర్డు పెట్టగలిగారు, జనం దిగేచోట వల కట్టగలిగారు. నీ పంతులు చెప్పిన గండానికి ఎక్కడ వల కడతావు?"

అందుకే కదా ఉంగరం అన్నాడతను. గంగమణి మా ఇద్దర్నీ దాటి వెళ్లి పడవలో ముందు బెంచీ మీద కూర్చుంది.

ఆమె ఆ రోజు కూతురి చుడీదార్ వేసుకుంది. చీరతో నీళ్లలోకి దిగనివ్వరని నేనే చెప్పాను. పెళ్లయినప్పటి నుంచి ఆమెను చీరలో తప్ప చూడని సాయిలు, గీ బట్టలల్ల నిన్ను జూస్తే గండం కూడా గుర్తుపట్టది అన్నాడు. ఆమె నవ్వింది. చేతులు మాత్రం ఒడిలో ఒకదాని కింద ఒకటి దాచుకుంది. మణికట్టుకు పొద్దున్నే గుడిలో సాయిలు కట్టించిన ఎర్ర పసుపు రక్షదారం ఉంది.

మడ అడవుల మధ్య

పడవ ముందు ఒక సన్నటి పాయలో పోతుంది. రెండు వైపులా మడచెట్లు, వాటి వేళ్లు బురదలో గంపలు బోర్లించినట్టు నిలబడి ఉంటాయి. ఒక వంపు దగ్గర పడవ నడిపే మనిషి ఇంజిన్ వేగం తగ్గించి చెయ్యి చాపాడు. బురద గట్టు మీద మొసలి పడుకుని ఉంది. మొదట నాకు మొద్దు అనిపించింది, తర్వాత దాని కన్ను కనిపించింది. అది మమ్మల్ని లెక్క చెయ్యలేదు. కాసేపటికి బురదలో జారి, అల లేకుండా నీళ్లలో కలిసిపోయింది. తర్వాత తెల్ల పొట్ట ఉన్న పెద్ద గద్ద మా ముందే నీళ్లను తాకి చేపను ఎత్తుకుపోయింది. బీర్కూర్ పొలాల్లో కొంగల్ని తోలే సాయిలు ఆ గద్దకు చేతులు జోడించాడు. ప్రతిదానికీ దండం పెడతావా అంటే, గంత మంచిగ పనిజేసినోనికి పెట్టొద్దా అన్నాడు. ఆ జవాబులో మాత్రం నేను తప్పు పట్టలేకపోయాను.

మా పక్కన నాందేడ్ నుంచి వచ్చిన ఒక ఆమె కూర్చుంది. బాన్సువాడ నుంచి వచ్చామంటే మా పక్కూరోళ్లే అని సంబరపడింది. దెగ్లూర్ నుంచి కోతలకు వచ్చే కూలీల దగ్గర నేర్చుకున్న మరాఠీతో గంగమణి ఆమెతో కబుర్లలో పడింది. కాసేపటికి నావైపు తిరిగి, అక్కా, ఈమెకు గూడ నీటిగండమేనంట అంది. ఆమె వేలికి ముత్యం ఉంది.

నాకు ఇంతకన్నా మంచి అవకాశం ఏ సభలోనూ దొరకలేదు. ఒకే గండానికి ఒక పంతులు పగడం, ఒక పంతులు ముత్యం. రెంటిలో ఏది సరైన మందు అని సాయిలును నిలదీశాను. టైఫాయిడ్‌కు బాన్సువాడ దవాఖానలో ఒక మందు, నాందేడ్ దవాఖానలో ఇంకో మందు ఇస్తారా? పైగా రెండూ నీళ్లలో పుట్టినవే. నీళ్ల నుంచి కాపాడటానికి నీళ్లలోంచి తీసినదాన్ని చంపి తొడుక్కోవాలా? పగడం రాయి కాదని, సన్నటి నోళ్లున్న జీవాలు గుంపుగా కట్టుకున్న ఇల్లని, ఉంగరాల్లో వాడే ఎర్ర పగడం వేరే సముద్రాల లోతుల్లోది అయినా కాసేపట్లో మనం చూడబోయేవి దాని చుట్టాలేనని చెప్పాను. బజార్లో అమ్మేవాటిలో సగం రంగు వేసిన గాజు అని కూడా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారు.

సాయిలు అంతా విన్నాడు. "వాళ్లది మరాఠీ గండం వదినె. దానికి ముత్యమే," అన్నాడు.

పడవంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. గంగమణి మాత్రం నవ్వలేదు. తన ఉంగరం కేసి, దానిలో ఉన్నదెవరో అప్పుడే తెలిసినట్టు చూస్తోంది.

దీవి

జాలీ బాయ్ దగ్గర నీళ్ల రంగు గురించి రాయను. అది రాసినవాళ్లందరూ అబద్ధం రాసినట్టే అనిపిస్తుంది, అక్కడికి పోయినవాళ్లకి. అడుగున ఇసుక మీద మన పడవ నీడ కనిపిస్తుంది, అది చాలు. ఒడ్డున ఖాళీ శంఖాల్లో కాపురం పెట్టిన పీతలు గుంపులుగా తిరుగుతుంటాయి. ఒకటి పెరిగితే శంఖం చాలక పెద్దది వెతుక్కుంటుంది, దాని పాత శంఖంలోకి చిన్నది దూరుతుంది. ఇక్కడి శంఖం జేబులో వేసుకుని పోవడమంటే ఒకరి ఇల్లు ఎత్తుకుపోవడమే. ఎత్తుకుపోనివ్వరు కూడా, పోయేటప్పుడు సంచులు చూస్తారు.

మమ్మల్ని నీళ్లలోకి తీసుకెళ్లే మనిషి నూకరాజు. నలభై దాటినవాడు, తాతలది భీమిలి దగ్గరి పల్లె. మేము తెలుగువాళ్లమని తెలిసి అతని ముఖం విచ్చుకుంది. ఆస్తమా, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందే చెప్పండి అన్నాడు. సాయిలు ముందుకొచ్చి, ఈమెకు నీటిగండం ఉంది తమ్మీ అన్నాడు. నూకరాజు ఆ జబ్బుకు తన దగ్గర నియమం ఏముందో వెతుక్కున్నట్టు ఒక్క క్షణం ఆగి, జాకెట్ బిగించి కట్టుకోమని చెప్పి, గొలుసులు, ఉంగరాలు తీసెయ్యమన్నాడు. నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి, మెరిసే వస్తువు చూసి కొన్ని చేపలు కొరకడానికీ వస్తాయి.

గంగమణి మెడలోది తీసి నాకిచ్చింది. ఉంగరం దగ్గర సాయిలు అడ్డం పడ్డాడు. అది ఒక్కటి ఉండనిమ్మని నూకరాజును బతిమాలాడు, బట్ట చుడతానన్నాడు. నూకరాజు ఒప్పుకోలేదు.

నేను గంగమణిని పక్కకు తీసుకెళ్లాను. ఉంగరంతో దిగి బతికొస్తే ఉంగరం కాపాడిందంటారు. అప్పుడు అది ఆద్య వేలికి పోతుంది, ఆద్య బెంచీ మీదే ఉంటుంది. ఉంగరం లేకుండా దిగితేనే ఈ రావడానికి అర్థం. ఈ మాట చెప్పబోయాను.

"నాకెరికే అక్కా," అంది ఆమె. "గందుకే తీసేస్త."

దారం

తీసెయ్యడం అంత తేలిక కాలేదు. ముప్పై ఏళ్ల నుంచి కోతలు కోసిన, వడ్లు చెరిగిన, రొట్టెలు చేసిన వేలు అది. ఉంగరం చుట్టూ కండ పెరిగిపోయింది. కణుపు దాటి రావడం లేదు. నేను లాగాను, నూకరాజు సబ్బు తెచ్చాడు, నాందేడ్ ఆమె సంచీలోంచి కొబ్బరినూనె ఇచ్చింది. వేలు ఎర్రబడి ఉబ్బింది గాని ఉంగరం కదల్లేదు. మా ముందు వాళ్లందరూ నీళ్లలోకి దిగిపోయారు. సాయిలు ముఖంలో, చూశారా, అది తానే పోనంటోంది అన్న మాట కనిపించింది. అలాంటప్పుడు మూఢనమ్మకానికి సాక్ష్యాలు ఎంత సులువుగా దొరుకుతాయో చూసి నాకు దడ పుట్టింది. ఇంకో పావుగంట ఉంటే నూకరాజు మరో గుంపుతో వెళ్లిపోతాడు, మా పడవ వేళ అవుతుంది, ఉంగరం గెలుస్తుంది.

గంగమణి చెయ్యి వెనక్కి తీసుకుంది. వాపు దిగేందుకు వేలిని కాసేపు సముద్రపు నీళ్లలో ముంచి ఉంచింది. తర్వాత మణికట్టు మీది రక్షదారాన్ని పళ్లతో కొరికి తెంపింది. ఊళ్లో కంసాలి పని చేసే అవుసులాయన బిగుసుకుపోయిన ఉంగరాలు తీస్తుంటే చూసిందట. దారం కొసను ఉంగరం కిందుగా దూర్చి, మిగిలినదాన్ని ఉంగరం నుంచి కణుపు దాకా సందు లేకుండా బిగించి చుట్టించుకుంది, నా చేత. కింద దూర్చిన కొస పట్టుకుని నేను ఒక్కో చుట్టూ విప్పుతుంటే, ఆ చుట్ల మీదుగా ఉంగరం అడుగులు వేస్తున్నట్టు కణుపు ఎక్కి, అవతల దిగి, ఇసుకలో పడింది. వేలి మీద అది ఉన్నచోట తెల్లటి గాడి పడి ఉంది.

సాయిలు ఇసుకలోంచి ఉంగరం ఏరుకుని పిడికిట్లో పెట్టుకున్నాడు. గుళ్లో కట్టిన దారంతోనే తీసింది కాబట్టి అతనికి కోపగించుకునే దారి కూడా దొరకలేదు.

నీళ్లలో

నూకరాజు మా కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దం బిగించి, నోట్లో గాలి పీల్చే గొట్టం పెట్టాడు. మొదటిసారి ముఖం ముంచగానే ఆమె భయపడింది. నోట్లో గొట్టం ఉందని మర్చిపోయి ముక్కుతో గాలి పీల్చబోయింది. ఊపిరాడక లేచి, ఉప్పునీళ్లు మింగి, దగ్గి, నా భుజం గట్టిగా పట్టుకుంది. ఒడ్డు నుంచి సాయిలు చాలు, ఇగ రా, చాలు అంటున్నాడు. నేను కూడా వెనక్కి పోదామా అని అడిగాను. చెల్లె కళ్లలో అంత భయం చూశాక అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె ముఖం తుడుచుకుంది. "ఉప్పగున్నయ్ అక్కా," అంది. అంతే.

నూకరాజు ఆమెను రబ్బరు చక్రం పట్టుకోమన్నాడు. "ముక్కు సంగతి మర్సిపోవాలమ్మా. నోటితోనే తియ్యాల, నోటితోనే వదలాల. తొందరేం లేదు, సేపలెక్కడికీ పోవు." నిలబడ్డచోటే మళ్లీ ముఖం ముంచింది. లేచింది. మళ్లీ ముంచింది. ఈసారి లేవలేదు. గొట్టంలోంచి ఆమె ఊపిరి బుసబుసమని వస్తోంది, క్రమంగా నెమ్మదించింది. కాళ్లు ఇసుకను వదిలేశాయి.

నేనూ తల ముంచాను. అద్దం అవతల సముద్రానికి అడుగు కాదు, ఊరు ఉంది. మెదడులా ముడతలు పడ్డ గుండ్లు, జింక కొమ్ముల్లాంటి కొమ్మలు, తలకిందులుగా పరిచిన గొడుగులు, అన్నీ పగడాలే. కొన్నిచోట్ల తెల్లబడి చచ్చిపోయి ఉన్నాయి. నీళ్లు వేడెక్కితే ఇవి చస్తాయి, ఆ వేడి మనిషి పెట్టిన పొయ్యిదే, ఏ గ్రహానిదీ కాదు. బతికున్నచోట మాత్రం చేపలు సంతలోలా తిరుగుతున్నాయి. నీలం, పసుపు రంగులవి, చిలక ముక్కువి. ఆ చిలక ముక్కు చేప పగడాన్ని కొరికితే కరకరమని చప్పుడు నీళ్లలో వినపడింది. గంగమణి నా చెయ్యి లాగి కిందికి చూపించింది. పెదవులు నీలంగా ఉన్న పెద్ద ఆల్చిప్ప, మా నీడ పడగానే మూసుకుంది. ఆమె గొట్టంలోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్విందని తర్వాత తెలిసింది.

అప్పుడు తాబేలు వచ్చింది. దాన్ని ముందు చూసింది ఆమే. గడ్డిలాంటిదేదో మేస్తున్న ఆ తాబేలు తల తిప్పి, మమ్మల్ని చూసి, తొందరేమీ లేకుండా లోతువైపు కదిలింది. గంగమణి చక్రాన్ని అటు నెట్టమని నూకరాజుకు చేత్తో చెప్పింది. వాళ్లు వెళ్లారు. నా అద్దంలోకి నీళ్లు వచ్చి, తీసి తుడుచుకునేలోపు వాళ్లు కనిపించలేదు. నీళ్ల మీద ఎండ తళతళలాడుతోంది, ఎటు చూసినా నారింజ జాకెట్లే, ఎవరివో తెలియదు.

అప్పుడు నా మనసులో ఏం జరిగిందో దాచుకోను. ఏమైనా అయితే పంతులు గెలుస్తాడన్న ఆలోచన వచ్చింది గాని, తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, ఒడ్డున నా బట్టలు పట్టుకుని కూర్చున్న చిన్నపిల్ల. గండం లేదని నాకు తెలుసు. నీళ్లు ఉన్నాయని కూడా తెలుసు. గండాన్ని నమ్మనివాళ్లు నీళ్లను ఎక్కువ గౌరవించాలి, ఎందుకంటే వాళ్లకు సాకు చెప్పుకోవడానికి ఏ గ్రహమూ ఉండదు.

ఒక జాకెట్ చెయ్యి ఎత్తి ఊపింది. చక్రం పక్కన నూకరాజు తల. గంగమణి. నేను దగ్గరికి ఈదేసరికి అద్దం నుదుటి మీదికి నెట్టుకుని ఉంది. కళ్ల చుట్టూ గుండ్రటి గుర్తులు. నా చెయ్యి పట్టుకుని తాబేలు పోయినవైపు చూపించి, మళ్లీ ముఖం నీళ్లలో పెట్టుకుంది. నూకరాజు టైమయిపోతందని చెప్పిందాకా లేవలేదు.

ఒడ్డు

సాయిలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు మడుచుకోవడం కూడా మర్చిపోయాడు. గంగమణి నడిచి వస్తుంటే ఎదురు వెళ్లి, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని చూశాడు. ఆ క్షణంలో నేను అతని మీద ఉన్న కోపాలన్నీ వదిలేశాను. ఆ వదలడం ఎంతోసేపు నిలవలేదు.

"చూసినవా వదినె," అన్నాడు. పిడికిలి విప్పాడు. ఉంగరం అచ్చు అరచేతిలో దిగబడి ఉంది. "ఆమె లోపటున్నంతసేపు నేను దీన్ని ఇడువలే. ఆమెల సగం నేనే గదా. నా చేతుల నుంచే పనిజేసింది."

ఉంగరం వేలికి ఉంటే ఉంగరం గొప్ప. లేకపోతే మొగుడి పిడికిట్లోంచి గొప్ప. ఇలాంటి నమ్మకాన్ని ఏ పరీక్ష ఓడిస్తుంది? నేను అతణ్ని కడిగెయ్యడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు, బహుశా అతని తాతగారి నుంచి.

గంగమణి నన్ను ఆపింది. ఇసుకలో కూర్చుని జుట్టు పిండుకుంటూ, మొగుడితో తాపీగా మాట్లాడింది.

"అంటే, ఉంగరం నీ దగ్గరుంటే నాకు పనిజేసిందంటవు."

"చేసింది గదా. కండ్లతోని చూస్తి."

"నేను గంత దూరం పోయిన, తాబేలెంబడి. గాడిదాక పనిజేసింది."

"జేసింది."

"మరింకేం. నువ్వే పెట్టుకో. పిల్లదీ నీ రక్తమే గదా, నీకు నాకంటె దగ్గర. నీ చేతుల నుంచే దానికీ పనిజేస్తది. ఇగ దాన్ని కోసి, కరగవెట్టి, పిల్ల వేలికి బిగిచ్చుడెందుకు? పిల్ల ఉత్త చేతులతోని దిగుతది, నువ్వు ఒడ్డుమీద ఉంగరం పెట్టుకోని నిలవడు."

సాయిలు ఉంగరం వైపు చూశాడు. తన మాటే తన ముందుకు వచ్చి నిలబడింది. కాదంటే సముద్రంలో ఉంగరం పనిచెయ్యలేదని ఒప్పుకోవాలి. అవునంటే పిల్లను వదలాలి. అతను ఉంగరాన్ని తన చిటికెన వేలికి తొడుక్కున్నాడు. మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది.

"పంతులునడగాలె," అన్నాడు.

"పంతులుకెందుకు? కండ్లతోని చూసింది నువ్వు," అంది గంగమణి, సర్వపిండి డబ్బా మూత తీస్తూ.

తిరుగు పడవ

తిరుగు దారిలో నేను చెల్లెతో కొట్లాడాను. సాయిలు వెనక బెంచీలో నిద్రపోతున్నాడు, చొక్కా మీద కుంకుమ, వేలి చివర పగడం. మూఢనమ్మకాన్ని కూల్చడానికి ఇంత దూరం వచ్చి, దానికి ఇంకో అంతస్తు కట్టావు అన్నాను. ఉంగరం పనిచేస్తుందని నీ నోటితో ఒప్పుకున్నావు. ఆ పంతులు రేపు ఇంకో ఇంట్లో ఇంకో పిల్లకు గండం రాస్తాడు. నిజం చెప్పి గెలవడం వేరు, అబద్ధాన్ని మలుపు తిప్పి గెలవడం వేరు.

ఆమె చేపలు చూసిన కళ్లతోనే నన్ను చూసింది.

"అక్కా, నా పెండ్లయినప్పటి సంది నువ్వు ఆయనతోని కొట్లాడుతున్నవ్. నువ్వు చెప్పేటిది నిజం. ఆయన మారిండా? మారుతడు గావచ్చు, కొట్లాడు, నేనొద్దనను. గని పిల్లకు ఏడేండ్లు. ఆయన మారేదాక అది బెంచీ మీద కూసోవాల్నా?"

దానికి జవాబు ఇంటికొచ్చాక దొరికింది, రాస్తున్నాను. రెండు పనులూ చెయ్యాలి. పిల్లను ఇవాళే నీళ్లలోకి దింపాలి, పంతుల్ని రేపు సభలో నిలదియ్యాలి. మొదటి పనికి రెండో పని పూర్తయ్యేదాకా ఆగమనడం నాలాంటివాళ్లు చేసే పొరపాటు. మొదటిది అయింది కదా అని రెండోది మానెయ్యడం అంతకన్నా పెద్దది. వచ్చే నెల నస్రుల్లాబాద్‌లో సభ ఉంది. అంశం నేనే పెట్టాను: గండం ఎవరికి లాభం. సాయిలును ముందు వరసలో కూర్చోబెడతాను. వస్తానన్నాడు, టీ ఉంటే.

నిజామాబాద్

రజిత ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. తండ్రి వేలికి ఉంగరం చూసి, తల్లి వేలి మీది తెల్ల గాడి చూసి, ఇద్దరి మధ్యా కూర్చుని ఏడ్చి, చివరికి బడికి ఫోన్ చేసింది. మొదటి రోజు మేము ముగ్గురం వెళ్లాం. పిల్లలు వరసగా కొలను మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు ఆడిస్తున్నారు. ఆద్య వాళ్లలో చివర ఉంది, ఎర్ర టోపీ పెట్టుకుని. సాయిలు కంచె దగ్గర నిలబడి ఉంగరం ఉన్న చేతిని పైకెత్తి పట్టుకున్నాడు, కరెంటు తీగ పట్టుకున్నవాడిలా.

"తాతా, చెయ్యి దించు. సార్ నువ్వు పిలుస్తున్నవ్ అనుకుంటుండు," అంది ఆద్య.

అతను దించలేదు. పిల్ల నావైపు తిరిగింది. "పెద్దమ్మమ్మా, తాత వేలికి అదేంది?"

నేను కంచె దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాను. ఏడేళ్ల పిల్లకు అర్థమయ్యేలా, పగడం ఒక జీవమన్న దగ్గర మొదలుపెట్టి, గండం మీదుగా పంతులు దాకా చెప్పాలని మాటలు కూర్చుకున్నాను. నోరు తెరిచేసరికి సార్ ఈల వేశాడు. ఆద్య ముక్కు మూసుకుని నీళ్లలో మునిగింది.